పది మీటర్ల వదులు

చంపాపేట మూలమీది స్తంభానికి
నిచ్చెన ఆనిచ్చి కూసున్న.
కింద వాన వెలిసిన గల్లీ,
చేతికందేటంత దూరంల
కాకిగూడు లెక్క చిక్కుబడ్డ నల్లతీగలు.
మాంజా కోసిందో, ఏ టిప్పర్ తగిలిందో,
రెండు వందల ఇండ్లకు నెట్టు పోయింది.
నా ఫోనుకు మాత్రం పోలేదు.
మోగుతనే ఉన్నది.

"అన్నా, ఇంకెంతసేపు?"
"భయ్యా, జర జల్దీ, ఆఖరి ఓవర్లు."
మూడో అంతస్తు బాల్‌రెడ్డి సారు
బాల్కనీలకెల్లి ఫోను పైకెత్తి
హారతిచ్చినట్టు తిప్పుతుండు,
ఏ దిక్కున ఒక్క గీత దొరుకుతదో అని.

నాకు నవ్వొచ్చింది.
కింద ఖుర్షీదమ్మను చూసినంక ఆగింది.
ఏమనకుంట నిలబడ్డది, దుపట్టా కొస వేలికి చుట్టుకుంట.
జెద్దాల ఆమె చెల్లెకు పొద్దటికెల్లి ఆపరేషన్.
ఆమె ముంగట నిలబడి
ఈ నెట్టు పాడుదని ఎవడనగలడు?

వెంట్రుకంత గాజుపోగు.
స్పిరిటుతోని తుడిచి, కొస కోసి
మిషన్ల ఎదురెదురుగ పెడితే
పెండ్లిచూపులకొచ్చిన ఇద్దరి లెక్క
జరంత జరిగి, జరంత ఆగి,
ఒక్క నిప్పురవ్వతోని ఒకటైతయి.
పదకొండేండ్లాయె ఈ పని పట్టి.
ఇప్పటికీ ఆ రవ్వ కాడ ఊపిరి బిగబడుత.

పని నేర్పిన సత్తార్ భాయ్ మొదటి దినమే అన్నడు:
"బేటా, తీగను ఎన్నడు గుంజి కట్టకు.
స్తంభానికో పది మీటర్లు
చుట్ట చుట్టి ఇడిచిపెట్టు.
గుంజి కడితే గాలికి తెగుతది.
మరీ మడిస్తేనేమో
లోపటి వెలుగు ఎవలికి కనపడకుంట కారిపోతది."

స్తంభాల మీది ఆ మాట
నా ఇంట్లకు వచ్చెటాల్లకు ఏండ్లు పట్టింది.

రాత్రి ఒంటిగంట దాక దుప్పట్ల దూరి
ఎవడో ముఖం తెల్వనోడు అడవిల
మట్టి తవ్వి ఈతకొలను కడుతుంటె చూస్తుంటి.
నా బాత్రూంల నల్లా కారుతుండె.
మూడుసార్లు పిలిచి మా రవళి
నాలుగోసారి ఫోను చేసింది, పక్క రూంల నుంచి.
ఎత్తిన.
"బాపూ, లెక్క ఒకటి అడుగుదామని," అన్నది.
ఆ లెక్క ఏందో ఇప్పుడు యాదికి లేదు.

పట్టుదలకు పోయిన.
ఆదివారం పొద్దున ఫోన్లన్నీ బంద్ పెట్టి
బియ్యం డబ్బల వేసి మూత పెట్టిన.
మధ్యాహ్నానికే సుగుణ అన్నది,
"బియ్యం గాదు, నువ్వే ఉడుకుతున్నవ్."
ఆ దినమే బండి మీదికెల్లి పడ్డడు మా బావమరిది.
కబురు ఆరు గంటలు ఆలస్యం.
దవాఖాన బెంచీ మీద కూసున్నప్పుడు ఎరుకైంది,
ఇది గూడ గుంజి కట్టుడే.

ఇప్పుడు ఫోన్లు అన్నం తినేటప్పుడు
ఫ్రిజ్జు మీద, మందుల డబ్బ పక్కన ఉంటయి.
మోగితే ఇనపడేటంత దూరం,
చెయ్యి ఊరికెనే పోలేనంత దూరం.
కొన్ని రాత్రులు తప్పుత. రవళి చూస్తది, ఏమనది,
దుప్పటి మీదికెల్లి వెలుగును రెండు వేళ్లతోని తడుతది.
నల్లా బాగు చేసిన.
ఎట్ల చెయ్యాల్నో ఆ ఫోన్లనే చూసిన,
ఎనిమిది నిమిషాలు. తర్వాత పక్కన పెట్టిన.
అది చిన్న సంగతేం గాదు నాకు.

రవ్వ పడ్డది. పచ్చలైటు వెలిగింది.
కింద ఖుర్షీదమ్మ ఫోను మోగింది.
ఆమె మెట్టు మీద కూలబడ్డది.
ఏమన్నరో నాకు ఇనపడలే,
రెండు చేతులు ఆకాశం దిక్కు ఎత్తుడు మాత్రం కనపడ్డది.
బాల్‌రెడ్డి సారు లోపటికి ఉరికిండు.
పిట్టగోడ మీద ఆయన చాయ్ కప్పు అట్లనే ఉన్నది,
ఆవిరి పోయి.

నేను మిగిలిన తీగను లెక్కపెట్టి
పది మీటర్లు చుట్ట చుట్టి
స్తంభానికి తగిలిచ్చిన.
గాలికి జర ఊగింది.
ఊగనీ అని
నిచ్చెన మీదనే ఇంకొంచెంసేపు కూసున్న.